ఈఆర్ పాజిటివ్ అని రాస్తే భయపడాలా? హార్మోన్ బిళ్ళల మీద రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

"పాజిటివ్ అని రాసుంది మేడం, అంటే ఇంకా లోపల ఉన్నట్టేగా?" అని రొమ్ము క్యాన్సర్ గడ్డ ముక్కని పరీక్షించి ఇచ్చే ఐహెచ్‌సీ రిపోర్ట్ పట్టుకుని వచ్చేవాళ్ళు వారానికి ఇద్దరైనా ఉంటారు. కరోనా తర్వాత ఆ పాజిటివ్ అనే మాట వింటేనే మనవాళ్ళకి దడ. నేను డాక్టర్‌ని కాదు, హైదరాబాద్‌లో ఒక క్యాన్సర్ హాస్పిటల్‌లో ఫార్మసిస్ట్‌ని, డాక్టర్ గారి ముందు అన్నిటికీ తలూపి బయటికొచ్చి అసలు డౌట్ నన్ను అడిగేవాళ్ళే ఎక్కువ, అందుకే ఇది రాస్తున్నా.

ఈఆర్ అంటే ఈస్ట్రోజన్ రిసెప్టర్, ఈస్ట్రోజన్ అనే హార్మోన్‌ని పట్టుకోడానికి కణానికుండే కొక్కెం లాంటిది. ఈఆర్ పాజిటివ్ అంటే ఆ గడ్డలోని కణాలు ఈస్ట్రోజన్‌ని పట్టుకుని పెరిగే రకం అని. నూటికి ఒక్క కణంలో ఆ రిసెప్టర్ కనిపించినా పాజిటివ్ కిందే లెక్క, 1 నుంచి 10 శాతం మధ్య ఉంటే మాత్రం లో పాజిటివ్ అని విడిగా రాస్తారు. నిజానికి ఇది కాస్త ఊరటనిచ్చే వార్తే, ఎందుకంటే ఆ ఈస్ట్రోజన్‌ని ఆపడానికి మన చేతిలో మందులున్నాయి. ఈస్ట్రోజన్‌ని నీళ్ళనుకుంటే, టామాక్సిఫెన్ కణం దగ్గరున్న కుళాయికి అడ్డం పడుతుంది, లెట్రోజోల్, అనస్ట్రోజోల్, ఎక్సిమెస్టేన్ లాంటివి ట్యాంక్‌లోకి నీళ్ళే ఎక్కనివ్వవు, అంతే తేడా.

అపోహ: హార్మోన్ థెరపీ అంటే ఒంట్లోకి హార్మోన్లు ఎక్కించడం.

కాదు, పూర్తిగా రివర్స్. మెనోపాజ్‌లో ఇచ్చే హెచ్‌ఆర్‌టీ వేరు, అది హార్మోన్ ఇస్తుంది, ఇది ఆపుతుంది. పేరు పెట్టినవాళ్ళని అనాలి.

అపోహ: ఆపరేషన్ అయింది, కీమో అయింది, రేడియేషన్ అయింది, ఇంక ఈ బిళ్ళ ఏదో బలానికి రాశారు.

నాకు అన్నిటికన్నా భయం వేసేది ఈ మాటకే. కీమో అంటే జుట్టు పోయింది, వాంతులయ్యాయి, చుట్టాలంతా చూడ్డానికొచ్చారు, కాబట్టి అది పెద్ద మందు, ఇదేమో బఠాణీ గింజంత తెల్ల బిళ్ళ, టామాక్సిఫెన్ స్ట్రిప్ అయితే ఇద్దరి టిఫిన్ ఖర్చు కూడా ఉండదు, కాబట్టి దీనికేం పవరుంటుంది అనుకుంటారు. కానీ ఈఆర్ పాజిటివ్ వాళ్ళు 5 ఏళ్ళు టామాక్సిఫెన్ వాడితే, 15 ఏళ్ళ లెక్క తీసినప్పుడు రొమ్ము క్యాన్సర్‌తో చనిపోవడం దాదాపు మూడో వంతు తగ్గిందని ఎన్నో ట్రయల్స్ కలిపి చూసి తేల్చారు. ఇంకో సంగతి, ఈ రకం క్యాన్సర్‌కి ఓపిక ఎక్కువ. గడ్డ 2 సెంటీమీటర్ల లోపే ఉండి, చంకలో గ్రంథులకి పాకనివాళ్ళలో కూడా, 5 ఏళ్ళ కోర్సు పూర్తి చేశాక, జబ్బు తెలిసినప్పటి నుంచి లెక్కేస్తే 20వ ఏడు వచ్చేలోపు నూటికి 13 మందికి దూరంగా వేరేచోట బయటపడింది, 2017లో వచ్చిన లెక్క అది. గ్రంథులకి పాకినవాళ్ళకి ఇంకా ఎక్కువే. అందుకే కొంతమందికి డాక్టర్లు 10 ఏళ్ళు వాడమంటారు, "మా పక్కింటావిడకి ఐదేళ్ళకే ఆపేశారు, నన్నెందుకు వదలట్లేదు" అనే గొడవ అక్కడే మొదలవుతుంది.

ఒక్కరోజు మర్చిపోయారా, కంగారొద్దు, టామాక్సిఫెన్ రోజుల తరబడి ఒంట్లో ఉంటుంది, మర్నాడు రెండు మింగకండి. ఎవరికీ చెప్పకుండా నెలల తరబడి మానేయడమే ప్రమాదం.

అపోహ: లెట్రోజోల్ అంటే పిల్లలు పుట్టడానికి ఇచ్చే మందు, హాస్పిటల్ వాళ్ళు పొరపాటున ఇచ్చారు.

ఒకావిడ, అరవై దగ్గరపడ్డ మనిషి, కూతురు ఫోన్‌లో వెతికి చూపించిందని కోపంగా వచ్చి స్ట్రిప్ కౌంటర్ మీద పెట్టి "ఈ వయసులో నాకిదేంటమ్మా" అంది. కూతురు చదివింది అబద్ధం కాదు, సంతాన సాఫల్య కేంద్రాల్లో ఇదే 2.5 ఎంజీ బిళ్ళ నెలలో ఓ 5 రోజులు ఇస్తారు, మన దేశంలో 2011లో ఆ వాడకాన్ని బ్యాన్ చేసి 2017లో మళ్ళీ వదిలారు కూడా, ఆ పాత బ్యాన్ వార్తలు ఇప్పటికీ కనిపించి జనం హడలిపోతారు. ఆ బ్యాన్‌కీ క్యాన్సర్ వాడకానికీ సంబంధం లేదు.

అసలు ఒకే మందు రెండు పనులెలా చేస్తుందంటే, మెనోపాజ్ అయ్యాక అండాశయాలు రిటైరైపోతాయి గానీ కొవ్వులోనూ కండలోనూ అరోమటేజ్ అనే ఎంజైమ్ కొంచెం కొంచెం ఈస్ట్రోజన్ తయారుచేస్తూనే ఉంటుంది, లెట్రోజోల్ దాన్ని ఆపేస్తుంది, సరఫరా బంద్. అదే నెలసరి వస్తున్న అమ్మాయికి ఇచ్చారనుకోండి, ఈస్ట్రోజన్ తగ్గిందని మెదడుకి తెలిసి ఇంకా తయారుచెయ్యండి అని అండాశయాలకి గట్టిగా సిగ్నల్ పంపుతుంది, అవి రెచ్చిపోయి అండం విడుదల చేస్తాయి. పిల్లలు కావాలనుకునేవాళ్ళకి కావాల్సింది అదే, క్యాన్సర్ ఉన్న చిన్నవయసు వాళ్ళకి అస్సలు ఉండకూడనిదీ అదే.

కాబట్టి నెలసరి ఆగిన అక్క వాడే లెట్రోజోల్ నెలసరి వస్తున్న చెల్లి వాడకూడదు, సొంత అక్కచెల్లెళ్ళయినా సరే. నెలసరి ఆగని వాళ్ళకి టామాక్సిఫెన్ అయినా ఇస్తారు, లేదంటే గోసెరిలిన్ లాంటి ఇంజక్షన్‌తో అండాశయాలని నిద్రపుచ్చి, అప్పుడు ఈ బిళ్ళ ఇస్తారు. ఆ ఇంజక్షన్ పొట్ట మీద చర్మం కిందకి, 28 రోజులకోసారి, "ఈ నెల ఊళ్ళో పెళ్ళి ఉంది, వచ్చే నెల వేయించుకుంటా" అంటే కుదరదు, ఇంజక్షన్ ఆగితే బిళ్ళ వేసుకున్నా గాలిలో కలిసినట్టే. అలాగే కీమోలో నెలసరి ఆగితే మెనోపాజ్ వచ్చేసిందని లెక్కేసుకోకండి, నలభై లోపు వాళ్ళకి ఏడాది రెండేళ్ళకి కూడా మళ్ళీ వస్తుంటుంది. వస్తే అదే రోజు ఫోన్ చేసి చెప్పండి.

అపోహ: టామాక్సిఫెన్ వేసుకుంటే గర్భం రాదు.

ఈ మందు పుట్టిందే గర్భనిరోధకం కోసం, 1962లో ఇంగ్లండ్‌లో ఐసీఐ అనే కంపెనీలో, ఎలుకల్లో పనిచేసింది, తీరా ఆడవాళ్ళకిస్తే అండం ఇంకా బాగా విడుదలైంది! అందుకని ఇది వాడేటప్పుడు కాపర్‌-టీ లాంటి హార్మోన్ లేని జాగ్రత్త ఉండాల్సిందే, మందు కడుపులో బిడ్డకి హాని చేస్తుంది. పిల్లలు కావాలనుకుంటే దాచకుండా అడగండి, కొంతకాలం వాడాక రెండేళ్ళ వరకు ఆపి బిడ్డని కని మళ్ళీ మొదలుపెట్టిన వాళ్ళ మీద 2023లో ఫలితాలొచ్చాయి, మొదటి మూడేళ్ళ పైచిలుకు చూసినంతలో క్యాన్సర్ తిరగబెట్టడం ఎక్కువ కాలేదు. ఎప్పుడు ఆపాలో, ఆపాక ఎన్నాళ్ళు ఆగాలో డాక్టరే చెప్పాలి.

అపోహ: టామాక్సిఫెన్‌తో గర్భసంచి క్యాన్సర్ వస్తుంది, ఒకటి పోగొట్టుకోడానికి ఇంకోటి తెచ్చుకోవడమెందుకు.

రిస్క్ ఉన్నమాట నిజం, లేదని చెప్పను. కానీ అది వచ్చేది చాలా తక్కువమందికి, అదీ ఎక్కువగా మెనోపాజ్ దాటినవాళ్ళకి, మందు వల్ల కలిగే మేలు దానికన్నా చాలా పెద్దది. నెలసరి ఆగిపోయాక ఒక్క చుక్క కనిపించినా చెప్పాలి, వేడి చేసిందిలే అని మజ్జిగ తాగి ఊరుకోవద్దు. ఇంకోటి రక్తం గడ్డకట్టడం, ఒక కాలే వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే హాస్పిటల్‌కి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మలూ, టికెట్ బుక్ చేసేటప్పుడే డాక్టర్‌కి చెప్పండి, అన్ని గంటలు సీటుకి అతుక్కుపోకుండా లేచి తిరగండి, ఉండే నెలలన్నిటికీ సరిపడా మందు, ప్రిస్క్రిప్షన్ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోండి. పచ్చళ్ళకి చూపించే శ్రద్ధలో సగం చాలు.

అపోహ: నొప్పులు, వేడి ఆవిర్లు ఎంతున్నా భరించాల్సిందే, చెప్తే మందు మార్చేస్తారు.

మారిస్తే మంచిదే కదమ్మా! లెట్రోజోల్ జాతి మందులతో పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోవడం, మోకాళ్ళు పట్టేయడం చాలామందికి ఉంటుంది, ఒకటి పడకపోతే ఇంకోటి ఇస్తారు, లేదా టామాక్సిఫెన్‌కి మారుస్తారు, నడక కూడా బాగా పనిచేస్తుంది, నొప్పులుంటే నడవకూడదనేది మన భ్రమ. లెట్రోజోల్ జాతివి ఎముకల్ని పలచన చేస్తాయి కాబట్టి మొదట్లోనే ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్, కాల్షియం, విటమిన్ డి సంగతి అడగండి. ఒకేచోట ఉండి రోజురోజుకీ పెరిగే నొప్పి మాత్రం వేరే, దాన్ని మందు ఖాతాలో వేయకండి.

ఆవిర్లకీ, దిగులుకీ వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే మీరు టామాక్సిఫెన్ మీద ఉన్నారని తప్పక చెప్పండి, పారోక్సెటిన్, ఫ్లుయోక్సెటిన్ లాంటివి లివర్‌లో ఆ మందు పనిచేసే రూపంలోకి మారకుండా అడ్డుపడతాయి, వెన్లాఫాక్సిన్‌తో ఆ తంటా తక్కువ. యోని పొడిబారడం గురించి ఎవ్వరూ అడగరు, చాలా సంసారాల్లో బిళ్ళ చెత్తబుట్టలోకి వెళ్ళేది దానివల్లే అని నా అనుమానం. హార్మోన్ లేని క్రీములు, జెల్స్ ఉన్నాయి, చీటీ మీద రాసి ఇచ్చినా చాలు.

అపోహ: సోయా తినకూడదు, పసుపు క్యాప్సూల్స్ ఎన్నయినా వేసుకోవచ్చు.

తలకిందులు. కూరలో మీల్‌మేకర్, పప్పులో పసుపు హాయిగా తినండి. డబ్బాల్లో వచ్చే కర్క్యుమిన్ మోతాదులు, శతావరి చూర్ణాలు, ఆడవాళ్ళ టానిక్కులు మాత్రం డాక్టర్‌కి చూపించకుండా మొదలెట్టొద్దు.

అపోహ: ఇది ఆడవాళ్ళ మందు.

రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒకటి మగవాళ్ళది, వాళ్ళకీ మొదట ఇచ్చేది టామాక్సిఫెనే. మా దగ్గరికి ఒకాయన వస్తారు, మొదటి నెలల్లో "నల్ల కవర్‌లో పెట్టివ్వమ్మా" అనేవారు, స్ట్రిప్ మీద పేరు కూడా ఎవరూ చదవకూడదన్నట్టు. ఈమధ్య కవర్ అడగట్లేదు. ఆవిర్లు ఆయనకీ వస్తున్నాయిగా, క్యూలో పక్కనున్న ఆడవాళ్ళతో కూర్చుని రాత్రిళ్ళు తడిగుడ్డ వేసుకోవాలా కూలర్ పెట్టుకోవాలా అని చర్చ, టోకెన్ నంబర్ పిలిచినా లేవరు.