చెత్తకుప్ప వేరు, ల్యాండ్‌ఫిల్ వేరు: కొన్ని అపోహలు - వాస్తవాలు

ల్యాండ్‌ఫిల్ ఇంజినీరునని చెబితే, "అంటే డంపింగ్ యార్డులోనా?" అని ముఖం చిట్లిస్తారు. ఆ ప్రశ్నలోనే మొదటి అపోహ ఉంది.

అపోహ: డంపింగ్ యార్డుకే ఇంకో పేరు ల్యాండ్‌ఫిల్.

లారీ తొట్టి ఎత్తి, చెత్త కుమ్మరించి వెళ్లిపోయే చోటు డంపింగ్ యార్డు. ల్యాండ్‌ఫిల్ అంటే చెత్త రసం నేలలోకి దిగకుండా చెత్తను పూడ్చే చోటు. దాన్ని కట్టాలి, చెరువుకు కట్ట వేసినంత జాగ్రత్తగా. 1996లో పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ నగరాల చెత్త సమస్యపై సుప్రీంకోర్టుకు వెళ్లిన తర్వాతే దేశంలో ఈ తేడా చట్టానికి ఎక్కింది. 2000లో మొదటి నియమాలు, 2016లో వాటికంటే కట్టుదిట్టమైనవి వచ్చాయి. నదికి 100 మీటర్లు, చెరువుకీ ఇళ్లకీ హైవేకీ తాగునీటి బావులకీ 200 మీటర్లు, విమానాశ్రయానికి 20 కిలోమీటర్ల దూరంలో ల్యాండ్‌ఫిల్ ఉండాలని 2016 నియమాలు చెప్పాయి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి సరేసరి.

అపోహ: కంపే అసలు ప్రమాదం.

కంపు భరించలేనిదే. చుట్టుపక్కల కాలనీలవాళ్ల బాధను నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ మాకు నిద్ర పట్టనివ్వనిది చెత్తలోంచి దిగే నల్లటి రసం. లీచేట్ అంటాం. కూరగాయల తొక్కల్లో, మిగిలిన అన్నంలో ఉన్న తడికి వాననీళ్లు తోడై, దారిలో దొరికిన లవణాలనూ లోహాలనూ కలుపుకుని కిందికి దిగుతుంది. అది బోరు నీళ్లలో కలిసిందంటే మళ్లీ శుభ్రం చేయడం దాదాపు అయ్యే పని కాదు. హైదరాబాద్ శివార్లలో జవహర్‌నగర్ యార్డు పక్కనున్న మల్కారం చెరువు ఇలాగే పాడైంది.

అందుకే మా శ్రమంతా అడుగున ఉంటుంది. 90 సెంటీమీటర్ల బంకమట్టిని గట్టిగా తొక్కించి, దాని మీద 1.5 మిల్లీమీటర్ల మందం హెచ్‌డీపీఈ (నీరు దిగనివ్వని గట్టి ప్లాస్టిక్) షీటు పరుస్తాం. ఆపైన కంకర, లీచేట్‌ను బయటికి లాగే చిల్లుల పైపులు. వానాకాలంలో భూగర్భజలం ఎంత పైకొచ్చినా ఆ మట్టి పొరకు 2 మీటర్ల కిందే ఉండాలి.

షీటు పరిచే ముందు కూలీలు వరుసగా కూర్చుని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు మట్టిలో గులకరాళ్లు ఏరతారు. ఎండెక్కితే షీటు సాగి ముడతలు పడుతుంది కాబట్టి అతుకులు పొద్దున్నే వేస్తాం. ఒక్కో అతుకులో రెండు వరుసల మధ్య సన్నటి సందు వదులుతాం. రెండు కొసలూ మూసి, సూది గుచ్చి గాలి కొట్టి, గేజీ ముల్లు చూస్తూ నిలబడతాం. ముల్లు దిగిందంటే ఎక్కడో కారుతున్నట్టే. మళ్లీ వేయాల్సిందే. పైన చెత్త పడ్డాక ఆ అతుకును మళ్లీ కళ్లతో చూసే అవకాశం ఎవరికీ ఉండదు.

అపోహ: పైన మట్టి కప్పేస్తే పని అయిపోయినట్టే.

కప్పడం రోజువారీ పని. ఏ రోజు చెత్త మీద ఆ రోజే 10 సెంటీమీటర్ల మట్టి, వానలకు ముందు 40 నుంచి 65 సెంటీమీటర్లు. చివరి కప్పు వేసి మూసేశాక కూడా లోపల చెత్త కుళ్లుతూనే ఉంటుంది, మీథేన్ అనే మండే గ్యాసు వస్తూనే ఉంటుంది. కాబట్టి మరో 15 ఏళ్లు గ్యాసు, లీచేట్, చుట్టుపక్కల భూగర్భజలం పరీక్షిస్తూనే ఉండాలి. జవహర్‌నగర్‌లో కోటి టన్నులకు పైగా పాత చెత్తకు కప్పు వేశారు. మంచి పని. అయినా లీచేట్ శుద్ధి ఆగలేదు, ఆగకూడదు. కప్పూ వాలూ లేకుండా ఎత్తుగా పోసుకుంటూ పోతే ఏమవుతుందో 2017 సెప్టెంబరులో ఢిల్లీ ఘాజీపూర్‌లో చూశాం. చెత్త కొండ విరిగి రోడ్డు మీద పడి ఇద్దరు చనిపోయారు.

అపోహ: చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటు పెడితే ల్యాండ్‌ఫిల్ అక్కర్లేదు.

ప్లాంటు వల్ల భారం తగ్గుతుంది. కానీ కాల్చాక బూడిద మిగులుతుంది, దాన్ని ఎక్కడో పెట్టాలిగా. అసలు ల్యాండ్‌ఫిల్‌కు రావాల్సింది అలాంటిదే. కుళ్లనిది, కాలనిది, మళ్లీ వాడలేనిది. అన్నం, అరటితొక్క, ప్లాస్టిక్ కవర్లు వచ్చే చోటు కాదది.

అపోహ: మనం తడి చెత్త, పొడి చెత్త వేరు చేసినా బండిలో కలిపేస్తారు.

దీన్ని పూర్తిగా అపోహ అనలేను. నేను పనిచేసిన ఒక పట్టణంలో ఆటోకు రెండు అరలున్నా చెత్తను పెద్ద బండ్లలోకి మార్చే ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో రెండూ ఒకే కంపాక్టర్‌లో (చెత్తను నొక్కి నింపే లారీలో) పడేవి. అధికారులకు రాశాను, పోట్లాడాను. ఏడాదికి మారింది. అది మారిన నెల నాకు చెత్త లారీలను తూచే కాటా దగ్గరే తెలిసింది. అంతకుముందు లారీ కాటా ఎక్కి దిగేలోపు కింద నల్లటి మడుగు కట్టేది, మా కుర్రాళ్లు గంటగంటకూ కడిగేవాళ్లు. ఆ నెల నుంచి కాటా పలక మధ్యాహ్నానికి కూడా పొడిగానే ఉండేది.