ఏనుగు మేత లెక్క

నెల్లూరు

చిరంజీవులు అమ్ములుకు, చింటూకు తాత దీవించి వ్రాయునది.

మొన్న చింటూ ఫోన్లో, "ఆ ఏనుగు ఎపిసోడ్‌కి అంత నవ్వు ఎట్టా వచ్చింది తాతా?" అన్నాడు. ఫోన్లో తెమిలే మాట కాదని ఉత్తరం పెట్టుకున్నా.

మీరు చూసింది 'ద సింప్సన్స్' అనే అమెరికా కార్టూన్‌లో 1994 నాటిది. రాసింది జాన్ స్వార్ట్స్‌వెల్డర్. ఆ కార్టూన్‌లో ఆయన పేరు మీద 59 ఎపిసోడ్లున్నాయి. ఈ కథ చూస్తే ఇంతే: రేడియో పోటీలో గెలిచిన బార్ట్ అనే పిల్లాణ్ణి పదివేల డాలర్లు కావాలా, ఏనుగు కావాలా అంటారు. ఏనుగన్నది రేడియోవాళ్ళు వేళాకోళానికి పెట్టింది. వీడు ఏనుగే కావాలని కూర్చుంటాడు.

ఇక్కడితో ఆపితే ఒక జోకు. స్వార్ట్స్‌వెల్డర్ ఆపలేదు, మేత దగ్గరికి పోయాడు. పెద్ద ఏనుగు రోజుకు 150 కిలోల దాకా తింటుంది మరి. చూస్తే ఒక డాలరు, ఎక్కితే రెండు డాలర్లు అని పెడితే 58 డాలర్లు వచ్చాయి. అంతా లాభమేనని బార్ట్ నాన్న హోమర్ గంతులేస్తాడు. మేతకేమో ఆ రోజే 300 అయింది. అప్పుడు రేటు పెంచాడు: చూస్తే 100, ఎక్కితే 500. అంతటితో ఊరుకోక బార్ట్ స్నేహితుడు మిల్‌హౌస్ ఇంటికి పోయి, మీవాడు రెండుసార్లు చూశాడు, ఒకసారి ఎక్కాడు, కొత్త రేటు ప్రకారం 700 అయింది, నాలుగు ఇచ్చారు, ఇంకా 696 బాకీ అంటాడు. కూడి చూసుకోండి, ఒక్క డాలరు తేడా రాదు. నవ్వంతా ఆ లెక్కలోనే ఉంది. మొదటి మాట ఎంత అబద్ధమైనా ఫర్వాలేదు, ఆ తర్వాత మాత్రం కిరాణా కొట్టు పద్దులా నడవాలి.

ఇక రాసే పద్ధతి. మన చేపల పులుసే అది. ఈ పూట దించిన పులుసులో ముక్క వేరు, పులుపు వేరు. మామిడికాయ ముక్కలు కూడా వేరేగానే ఉంటాయి. మూతేసి వదిలేస్తే పొద్దుటికి పులుపు ముక్కలోకి దిగుతుంది. స్వార్ట్స్‌వెల్డర్ కూడా మొదటి ప్రతి ఒక్క రోజులో, ఎంత చెత్తగా వచ్చినా సరే, గబగబా రాసేసేవాడట. జోకు తట్టకపోతే ఉత్త మాటే పెట్టేవాడు: "నువ్వట్టా చెయ్యొద్దు." "సరే, చెయ్యను." తెల్లారి లేచేసరికి ఎవడో పనిరాని మరుగుజ్జు రాత్రి వచ్చి తన పనంతా చెడ్డగా చేసిపోయినట్టు ఉంటుందని 2021లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. ఇక మిగిలేది బాగుచెయ్యడమే, అది సులువు. పులుసు ఉడికేటప్పుడు గరిటె పెట్టి కలిపితే ముక్క చిదురైపోతుంది, గుడ్డతో దబర అంచులు పట్టుకుని కుదుపుతారు చూడండి. మొదటి రోజు ప్రతి వాక్యాన్నీ దిద్దడం కూడా గరిటె పెట్టడమే. చింటూ, నీ కాంపోజిషన్ పుస్తకంలో అన్ని కొట్టివేతలు అందుకేరా. అయితే పులుసును ఎవరూ మళ్ళీ వండరు, ఈ కార్టూన్ వాళ్ళు వండుతారు. గదినిండా రచయితలు కూర్చుని తలా ఒక మాట మారుస్తారు. పేరు మాత్రం చాలాసార్లు ఒకరిదే పడుతుంది.

బొమ్మల కన్నా ముందు గొంతులు రికార్డు చేస్తారు. బొమ్మలు గీసే పనిలో చాలా భాగం దక్షిణ కొరియాలో జరుగుతుంది, నెలలు పడుతుంది. మా చిన్నప్పుడు విజయవాడ రేడియోలో నాటిక వచ్చేది. చెప్పు చప్పుడు వింటే మనిషి కనబడేవాడు. కార్టూన్ కూడా మొదట అట్టా చెవికి వినబడాల్సిందే. ఒకసారి కళ్ళు మూసుకుని వినండి.

స్వార్ట్స్‌వెల్డర్ రాసినవి ఇంకా చూడాలంటే, హోమర్ విదూషకుల కాలేజీలో చేరే 'హోమీ ద క్లౌన్' (1995) మొదట చూడండి. 'హోమర్ ఎట్ ద బ్యాట్' (1992)లో తొమ్మిదిమంది అసలు బేస్‌బాల్ ఆటగాళ్ళే తమ పాత్రలకు గొంతిచ్చారు, ఆ ఆట తెలియకపోయినా నవ్వొస్తుంది. 'హోమర్స్ ఎనిమీ' (1997) మాత్రం ఇంకో నాలుగేళ్ళు ఆగి చూడండి, అందులో నవ్వు చేదుగా ఉంటుంది.

హోమర్ తనకు మాట్లాడే పెద్ద కుక్కలా అనిపిస్తాడని కూడా ఆయనన్నాడు. ఈ క్షణం లోకంలోకెల్లా దుఃఖం వాడిదే, మరుక్షణం సంతోషమూ వాడిదే. అదెట్టా రాయాలో నేను చెప్పలేను. వీధి చివర మన ఎర్రకుక్కకు బిస్కెట్టు చూపించి, దాచి, మళ్ళీ చూపించి మొహం చూడండి. తర్వాత బిస్కెట్టు పెట్టెయ్యండి, పాపం.

ఇప్పుడు మీ పని. ఒంగోలు పిల్లాడొకడు పదివేలు వద్దని ఒంగోలు గిత్తను గెలుచుకున్నాడు. ఇల్లు రెండో అంతస్తు. గిత్తకు రోజుకు పది పన్నెండు కిలోల ఎండుమేత కావాలి, నీళ్ళు వేరే. వరిగడ్డి మోపు ఎంతో అమ్మేవాళ్ళను అడిగి తెలుసుకోండి, ఊహించొద్దు. ఒక్క పూటలో రెండు పేజీలు, దిద్దకుండా. రాత్రి మూతేసి పొద్దున తెరవండి. గిత్తను మేడ ఎక్కించడం ఒక ఎత్తు, దించడం ఇంకో ఎత్తు. ఎట్టా దించారో రాసి పంపండి.

ఆశీస్సులతో,
తాత