ప్రత్యక్ష టీవీ: ఇంటి సర్వర్ నుంచి ల్యాప్‌టాప్ వరకు

యాంటెన్నాకు అందిన టీవీ ప్రసారాన్ని ఇంట్లోని సర్వర్‌లో రికార్డు చేయడం నేడు పెద్ద పనేమీ కాదు. అదే ప్రసారాన్ని అప్పటికప్పుడు పక్కగదిలోని ల్యాప్‌టాప్‌లో చూడబోతేనే బొమ్మ ఆగిపోవడం, ధ్వని రాకపోవడం వంటి చిక్కులు మొదలవుతాయి. ఈ చరిత్రలో ఎక్కువ భాగం అమెరికాలోనే నడిచింది.

ఇంట్లో రికార్డు చేసుకునే హక్కుకు అక్కడ ఆధారం 1984 జనవరిలో సుప్రీంకోర్టు బీటామ్యాక్స్ (సోనీ వీడియో క్యాసెట్ రికార్డర్) కేసులో 5-4 ఆధిక్యంతో ఇచ్చిన తీర్పు. తరవాత చూసుకోవడానికి కార్యక్రమాన్ని రికార్డు చేసుకోవడం తప్పు కాదని అది తేల్చింది. 1999లో వచ్చిన టివో, రీప్లేటీవీ పరికరాలు క్యాసెట్ బదులు హార్డ్‌డిస్క్‌ను వాడడంతో ప్రత్యక్ష ప్రసారాన్ని కూడా కాసేపు నిలిపి చూసే వీలు కలిగింది. అయితే నా దృష్టిలో అసలు మలుపు 2002లో ఐజక్ రిచర్డ్స్ మొదలుపెట్టిన మిత్‌టీవీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. రికార్డు చేసే భాగాన్ని ఒక యంత్రంలో, చూపించే భాగాన్ని మరో యంత్రంలో ఉంచుకోవచ్చన్న దాని నిర్మాణం వల్లనే ఇంటి సర్వర్ అన్న ఆలోచన సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది.

మొదటి అడ్డంకి నెట్‌వర్క్. అమెరికా డిజిటల్ ఛానల్ ఒక్కటి సెకనుకు 19.39 మెగాబిట్ల వరకు మోసుకొస్తుంటే, అప్పటి 802.11బి వైఫై గరిష్ఠ వేగం కాగితం మీదే 11 మెగాబిట్లు. రికార్డు చేసిన ఫైలును నింపాదిగా కాపీ చేసుకోవచ్చు గాని, ప్రత్యక్ష ప్రసారం ఎవరి కోసమూ ఆగదు. యాంటెన్నా దగ్గర జారిపోయిన 188 బైట్ల ప్యాకెట్‌ను (డేటా తునకను) మళ్లీ పంపమని స్టేషన్‌ను అడిగే మార్గమే లేదు.

వైఫై వేగం పెరిగాక రెండో అడ్డంకి బయటపడింది. ప్రసారంలో వచ్చేది ఎంపెగ్-2 అనే పాత పద్ధతిలో కుదించిన వీడియో. చాలా బ్రౌజర్లు దాన్ని నేరుగా చూపించలేవు. పైగా 1080ఐ చిత్రంలో సరి గీతలు, బేసి గీతలు వేర్వేరు క్షణాల్లో తీసినవి కావడంతో, వాటిని సరిగా కలపకపోతే పరుగెత్తే ఆటగాడి అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతాయి. కాబట్టి సర్వర్ ఈ గీతలను సరిచేసి, వీడియోను అక్కడికక్కడే బ్రౌజర్లు చూపించగల హెచ్.264 రూపంలోకి మార్చి, ముక్కలు ముక్కలుగా పంపాలి. 2009లో యాపిల్ తెచ్చిన హెచ్ఎల్ఎస్ పద్ధతి ఈ పంపకాన్ని సులువు చేసినా, కొన్ని ముక్కలు పోగయ్యాకే వీడియో మొదలవుతుంది గనుక తెర మీది బొమ్మ అసలు ప్రసారం కంటే పలు సెకన్లు వెనకబడే ఉంటుంది.

ఈ రెండింటినీ మెరుగైన యంత్రాలు చాలావరకు తీర్చాయి. మూడోది అలాంటిది కాదు. కాపీలను అడ్డుకునేందుకు అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2003లో తెచ్చిన 'బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్' నిబంధనను, దానికి ఆ అధికారం లేదంటూ అప్పీల్ కోర్టు 2005 మేలో కొట్టేసింది. ఇప్పుడు అక్కడి కొత్త డిజిటల్ టీవీ ప్రమాణమైన ఏటీఎస్‌సీ 3.0లో అదే ఆంక్ష ఎన్‌క్రిప్షన్ రూపంలో తిరిగొచ్చింది. అనుమతి పొందని సాఫ్ట్‌వేర్‌కు తాళంచెవి దొరకదు గనుక, సిగ్నల్ ఎంత బలంగా అందినా, అలా ఎన్‌క్రిప్ట్ చేసిన స్టేషన్ కార్యక్రమం సర్వర్‌లో తెరుచుకోని ఫైలుగానే మిగులుతుంది. రుసుము లేకుండా గాలిలో వచ్చే ప్రసారాన్ని ఇంటి యజమాని తన ల్యాప్‌టాప్‌లో చూడకుండా చేయడం, 1984 తీర్పు ఇచ్చిన వెసులుబాటును కోర్టు మెట్లెక్కకుండానే వెనక్కి తీసుకోవడం అవుతుంది.