గడ్డను మాడ్చబోయి మనిషిని మాడ్చితే

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న: "మా బాపుకు జీర్ణాశయ క్యాన్సర్. బాగా చిక్కిపోయాడని ఆపరేషన్ రెండు వారాలు వాయిదా వేసి, ఈలోగా బలమైన తిండి పెట్టమన్నారు డాక్టరు గారు. గుడ్లు, పాలు పెడితే గడ్డ బలుస్తుందని చుట్టాలు అంటున్నారు. ఎవరి మాట వినాలి?"

డాక్టరు మాటే వినండి. చుట్టాల లెక్క ఎక్కడ తప్పిందో మాత్రం చూడదగ్గదే.

గడ్డకు గ్లూకోజు ఇష్టమన్నది నిజం. ఆక్సిజన్ అందుతున్నా క్యాన్సర్ కణాలు గ్లూకోజును చాలావరకు పూర్తిగా మండించవని, లాక్టేట్‌గా మార్చి వదిలేస్తాయని 1920లలోనే జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ గమనించాడు. అలా ఒక్కో గ్లూకోజు అణువుకు కణానికి మిగిలేది 2 ఏటీపీలు (ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణెం). ఆ లాక్టేట్ కాలేయానికి చేరితే, దాన్ని తిరిగి గ్లూకోజు చేయడానికి 6 ఏటీపీలు ఖర్చు. దీన్ని కోరి చక్రం అంటారు. ఏనుమాముల మార్కెట్లో పత్తిని రెండు వేలకు అమ్మి, అదే పత్తిని ఆరు వేలకు తిరిగి కొన్నట్టు! పైగా అమ్మిన డబ్బు గడ్డ జేబులోకి, కొనే ఖర్చు ఒంటి ఖాతాలోకి. చక్రం తిరిగినకొద్దీ అప్పు పెరుగుతుంది. రోగిని పస్తుంచితే ఈ బేరం ఆగుతుందా? ఆగదు. రక్తంలో చక్కెర పడిపోకుండా కండరాల ప్రొటీన్ కరుగుతుంది; అందులోంచి వచ్చే అలనీన్ అనే అమైనో ఆమ్లం నుంచి కాలేయం గ్లూకోజు తయారుచేస్తుంది. పత్తి అయిపోయిందని ఇంటి దూలాలు అమ్మడమన్నమాట. గడ్డ వాటా గడ్డకు అందుతూనే ఉంటుంది.

దీనికి తోడు ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ వంటి వాపు సంకేతాలు కండరాల్లో ప్రొటీన్లను ముక్కలు చేసే యుబిక్విటిన్-ప్రోటియసోమ్ యంత్రాంగాన్ని రెచ్చగొడతాయి. కాలేయం రక్తంలో ముఖ్య ప్రొటీన్ అయిన అల్బుమిన్ తగ్గించి, వాపు ఉన్నప్పుడు పెరిగే సీ-రియాక్టివ్ ప్రొటీన్ తయారీలో పడుతుంది. కండ తరిగితే కుట్లు ఆలస్యంగా మానతాయి. గట్టిగా దగ్గి కఫం బయటికి తేలేని రోగికి న్యుమోనియా ముప్పు. 1936లో హిరాం స్టడ్లీ అనే సర్జన్ చూసిన కడుపు పుండు (అల్సర్) ఆపరేషన్లలో, ముందే 20 శాతానికి పైగా బరువు తగ్గినవారిలో మూడింట ఒక వంతు చనిపోయారు; మిగతావారిలో దాదాపు 3.5 శాతమే.

దిష్టి తీసి గుడ్డును నాలుగు బాటల కూడలిలో పగలగొట్టే ఇళ్లలోనే రోగికి గుడ్డు పెట్టరు, అదే నాకు విచిత్రం.

కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 50 కిలోల మనిషికి కనీసం 60 గ్రాములు. రెండు గుడ్లు 12, అర లీటరు పాలు 16, వంద గ్రాముల చికెన్ 20కి పైగా. మిగతాది పప్పు, జొన్నరొట్టె పూరిస్తాయి. ఉత్త అంబలితో ఈ లెక్క తేలదు. మింగుడుపడకపోతే ట్యూబు దారి ఉంది. అయితే చాలా రోజులు పస్తులున్నవారికి ఒక్కసారిగా కుక్కి పెట్టకూడదు: ఇన్సులిన్ ఎగసి, రక్తంలోని ఫాస్ఫేట్ అనే లవణం కణాల్లోకి పోయి గుండె లయ తప్పవచ్చు. అందుకే కొద్దికొద్దిగా పెంచుతూ, మధ్యమధ్య రక్తపరీక్షలు చేయిస్తారు.