మట్టి తొక్కడానికి వస్తున్న పిల్లలకు

ప్రియమైన పిల్లలూ,

మట్టి ఇల్లు కట్టడంలో సాయానికి వస్తామని మీరు రాసిన ఉత్తరం అందింది. ఎంత సంతోషించానో చెప్పలేను. ఆ ఇంటికి బయటి నుంచి కరెంటు తీగ రాదు, నీటి గొట్టమూ రాదు. కొత్తగా కొనే సామగ్రి తక్కువే. అందుకే ఏది చేతికొచ్చినా గోడలో పెట్టేముందు పరీక్షించడం మీ మొదటి పని.

మూత ఉన్న గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు నింపి, గట్టిగా కుదిపి కదలకుండా ఉంచండి. ఇసుక ఒకటి రెండు నిమిషాల్లోనే అడుగుకు చేరుతుంది. దానిపైన ఒండ్రు పేరుకుంటుంది. అన్నిటికంటే ఆలస్యంగా దిగేది బంకమట్టి. నీళ్లు తేటపడడానికి ఒక్కోసారి రోజు దాటుతుంది. బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. అది ఎక్కువైతే గోడ పగుళ్లిస్తుంది, తక్కువైతే పొడిపొడిగా రాలుతుంది. నేను మొదటిసారి కట్టిన గోడకు ఈ పరీక్ష చేయలేదు. ఆరేసరికి అరచేయి దూరేంత పగులు వచ్చింది. ఆ గోడ కూల్చి మళ్లీ తొక్కాం.

గోడ మట్టిలో ఇసుకతో పాటు ఎండుగడ్డి కూడా కలపాలి. గోడ చీలిపోకుండా పట్టి ఉంచేది ఆ గడ్డి పోగులే. పచ్చిగడ్డి మాత్రం వద్దు, కుళ్లిపోతుంది.

పాత కలపతో జాగ్రత్త. సరుకు రవాణాకు వాడిన చెక్కల మీద ముద్ర వెతకండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినవి. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినవి, వాటిని తాకకండి. పాత తలుపుల రంగు గీకవద్దు, అందులో సీసం అనే విషపు లోహం ఉండవచ్చు. పాత కిటికీలను మాత్రం ముందే కొలిచి పెట్టండి. కిటికీ కొలతను బట్టే గోడ లేస్తుంది. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

సిమెంటు పూస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా అని మీరు అడుగుతారు. మట్టిగోడలో చేరిన చెమ్మ సిమెంటు దాటి బయటకు పోలేదు. లోపలే నిలిచి గోడను మెత్తబరుస్తుంది. సున్నపు పూత ఆ చెమ్మను పోనిస్తుంది. సున్నపురాయిని కాల్చి, నీళ్లు పోసి చేసిన ఆ సున్నం, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయవుతుంది! కానీ తడి సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఆ పని పెద్దలకు వదలండి.

ఇంటికి వాన నీరే పట్టుకోవాలి కాబట్టి పైకప్పు కొలిచే పని మీదే. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 50 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్లు కురిస్తే 500 లీటర్లు! తొలి జల్లు దుమ్మును కడుగుతుంది కాబట్టి దాన్ని తొట్టిలోకి రానివ్వం. చూరు వెడల్పుగా దించుదాం, పునాది రాతితో ఎత్తుగా లేపుదాం. వాన నీరు గోడను తాకకూడదు.

వచ్చేటప్పుడు తలా ఒక గాజు సీసా, మూతతో సహా తెచ్చుకోండి. తవ్వుతున్న గుంటలో మూడు రంగుల మట్టి కనిపిస్తోంది. ఏది గోడకు పనికొస్తుందో మీరే తేల్చాలి.

మీ తాతయ్య