పయాన్ల అస్థితిస్థాపక పరిక్షేపణం: అపోహలు - వాస్తవాలు

బరంపురంలో ఎమ్మెస్సీ విద్యార్థులకు కేంద్రక భౌతికశాస్త్రం బోధించే నాకు ఏటా ఎదురయ్యే అపోహ ఒకటుంది. పయాన్ అనేది అతి స్వల్పకాలం బతికే ఒక సూక్ష్మకణం. అది కేంద్రకానికి తగిలి దారి మళ్లేటప్పుడు కేంద్రకాన్ని ఉత్తేజపరిస్తే అస్థితిస్థాపక పరిక్షేపణం, ఉత్తేజపరచకుండా మళ్లితే స్థితిస్థాపక పరిక్షేపణం అంటాం. అస్థితిస్థాపక పరిక్షేపణంలో పయాన్ శక్తి ‘నష్టపోతుంది’, అది ఎంతన్నది లెక్కకు అందదు అని చాలామంది గట్టిగా నమ్ముతారు. గోడకు కొట్టిన బంకమట్టి ముద్ద అతుక్కుపోయే ఉదాహరణను ప్లస్ టూలో చదివిన నాటి నుంచి ఈ భావన పాతుకుపోతుంది. మట్టి ముద్ద గతిజ శక్తి వేడిగా మారి చెదిరిపోతుంది. కార్బన్-12 కేంద్రకానికి పయాన్ తగిలినప్పుడు అలా జరగదు, కేంద్రకం ఉత్తేజిత స్థాయిలనే నిర్ణీత శక్తి మెట్లకే చేరగలదు. ఆ కేంద్రకపు తొలి ఉత్తేజిత స్థాయి 4.44 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, కేంద్రక శక్తులను కొలిచే ప్రమాణం), ఆ తరువాతివి 7.65, 9.64. కేంద్రకాన్ని 4.44 స్థాయికి చేర్చిన పయాన్ ఆ మొత్తాన్ని, దానితోపాటు కేంద్రకం ముందుకు కదలడానికి పట్టిన రికాయిల్ శక్తిని మాత్రమే కోల్పోతుంది.

రికాయిల్‌ను మరిచిపోయినవారికే అన్నిటికంటే ఎక్కువ నష్టం. పర్లాకిమిడి నుంచి వచ్చిన ఒక విద్యార్థికి 162 ఎంఈవీ పయాన్లు కార్బన్-12 నుంచి 60 డిగ్రీల కోణంలో వెలువడే లెక్కను ప్రాజెక్టులో భాగంగా ఇచ్చాను. వెలువడిన పయాన్ల శక్తి గ్రాఫులో 154.5 ఎంఈవీ దగ్గర ఉన్న శిఖరాన్ని (ఆ శక్తితో పయాన్లు ఎక్కువగా వచ్చిన చోటును) చూపించి, “మాస్టారూ, హోయిల్ స్థితి దొరికిందండీ!” అన్నాడు. 162లోంచి 154.5 తీసేస్తే 7.5, నక్షత్రాలలో కార్బన్ తయారు కావాలంటే తప్పక ఉండాలని ఫ్రెడ్ హోయిల్ 1953లో చెప్పిన 7.65 స్థితికి అది ఎంతో దగ్గర. కానీ అన్నిటికంటే ఎత్తైన శిఖరం 158.8 దగ్గర ఉంది. 162కు దానికి ఉన్న తేడా 3.2 ఎంఈవీ దగ్గర కార్బన్-12కు స్థాయి లేదని అతనికి తెలుసు కనుక, డేటా చెడిపోయిందేమో, ప్రాజెక్టు పోయినట్టేనేమో అని పాపం నిద్ర మానుకున్నాడు.

ఏదీ చెడిపోలేదు. 162 ఎంఈవీ పయాన్ ద్రవ్యవేగం సాపేక్షతా సూత్రం ప్రకారం సుమారు 267 ఎంఈవీ/సి (సి అంటే కాంతి వేగం). 60 డిగ్రీల కోణంలో కేంద్రకానికి బదిలీ అయ్యేది కూడా దాదాపు అంతే. దాని వర్గాన్ని కార్బన్ ద్రవ్యరాశికి రెట్టింపుతో భాగిస్తే వచ్చేది 3.2, అంటే ఆ ఎత్తైన శిఖరం కేవలం స్థితిస్థాపక పరిక్షేపణం. 154.5 శిఖరం దగ్గర తగ్గిన 7.5లో రికాయిల్ 3.1 పోగా మిగిలినది 4.4, అంటే అది మొదటి ఉత్తేజిత స్థాయి. న్యూటన్ సూత్రంతో లెక్కిస్తే ద్రవ్యవేగం 213, రికాయిల్ 2.0 మాత్రమే వస్తాయి, ఫలితం ఒక ఎంఈవీకి పైగా తప్పుతుంది. పయాన్ విరామ శక్తి 139.6 ఎంఈవీ అయినప్పుడు 162 ఎంఈవీ గతిజ శక్తిని చిన్నదిగా భావించే వీలు లేదు.

ధన, రుణ పయాన్ల మధ్య తేడా విద్యుదావేశానికే పరిమితమన్నది మరో అపోహ. ఈ శక్తి దగ్గర, డెల్టా అనునాదం (పయాన్ ప్రోటాన్‌తోనో న్యూట్రాన్‌తోనో క్షణకాలం కలిసి డెల్టా అనే కణంగా ఏర్పడటం) కారణంగా, రుణ పయాన్ న్యూట్రాన్‌తోనూ ధన పయాన్ ప్రోటాన్‌తోనూ బలంగా చర్య జరుపుతాయి. కార్బన్-12లో రెండూ సమానంగా ఉన్నందున తేడా కనిపించదు. కార్బన్-13లో న్యూట్రాన్ ఒక్కటే పైకి ఎగరడంతో ఏర్పడే 9.5 ఎంఈవీ స్థాయిని మాత్రం రుణ పయాన్లు ధన పయాన్లకంటే సుమారు 9 రెట్లు ఎక్కువగా ఉత్తేజపరుస్తాయని 1970ల చివర అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జరిగిన ప్రయోగాలు చూపాయి.

ఇక వదంతులు. రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు కాస్మిక్ కిరణాలు వస్తాయి, ఫోన్లు ఆపేయండి అనే సందేశం నాకు ఇప్పటికీ వస్తూనే ఉంది. దానికి జవాబివ్వడం నేను మానేశాను. అయితే మా విద్యార్థిని తల్లి ఒకరు, “పయాన్లతో పని అంటోంది మా అమ్మాయి, ఒంటికి ఏమీ కాదు కదండీ?” అని అడిగినప్పుడు కూర్చోబెట్టి వివరంగా చెప్పాను. ఆవేశిత పయాన్ సగటు జీవితకాలం సెకనులో 10 కోట్ల వంతులో 2.6 పాళ్లు మాత్రమే. కాస్మిక్ కిరణాల వల్ల ఎగువ వాతావరణంలో పుట్టే పయాన్లు చాలావరకు అక్కడే క్షయమై మ్యూయాన్లు అనే మరో రకం కణాలుగా మారుతాయి. ఆ మ్యూయాన్లు మన అరచేతి గుండా సెకనుకు సుమారు ఒకటి చొప్పున మనం పుట్టినప్పటి నుంచీ పోతూనే ఉన్నాయి. వాళ్ల అమ్మాయి చేసే పని మాత్రం ఏనాడో అచ్చైన కొలతల పట్టికలను కంప్యూటర్‌లో విశ్లేషించడమే.