చిన్న గ్రూప్, పెద్ద ధర

రైఫిల్ ఎంత బాగుందో చెప్పమంటే చాలామంది మూడు చిల్లులున్న టార్గెట్ కాగితం చూపిస్తారు. వంద మీటర్ల నుంచి కాల్చిన మూడూ రెండు సెంటీమీటర్ల లోపే పడ్డాయంటారు. ఆ కాగితం నిజమే కావచ్చు. కానీ దాన్ని నమ్ముకుని రెట్టింపు ధర పెట్టడం తొందరపాటు.

ఆ చిల్లుల గుంపునే షూటర్లు గ్రూప్ అంటారు. బాగా ఎడంగా ఉన్న రెండు చిల్లుల మధ్య దూరమే దాని సైజు. దాన్ని కోణంలో చెప్పడం అలవాటు. డిగ్రీలో 60వ వంతు ఒక ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్). 100 మీటర్ల దగ్గర అది సుమారు 2.9 సెంటీమీటర్లు. కాల్చేకొద్దీ గ్రూప్ పెరగొచ్చు గాని తగ్గదు, పాత చిల్లులు దగ్గరికి జరగవు కదా! అదే రైఫిల్, అవే తూటాలు అయినా 10 తూటాల గ్రూప్ సగటున 3 తూటాల గ్రూప్‌కి దాదాపు 1.6 రెట్లు ఉంటుంది. కాబట్టి ఒకదాని మూడు తూటాల గ్రూప్‌ని ఇంకోదాని పది తూటాల గ్రూప్‌తో పోల్చడం అన్యాయం. పాతిక ముప్పై తూటాలు కాల్చి, అన్ని చిల్లులకూ కలిపి మధ్యబిందువు గుర్తించి, అక్కడి నుంచి ఒక్కో చిల్లు ఎంత దూరమో కొలిచి సగటు తీస్తే నమ్మొచ్చు. అందులో ప్రతి తూటాకూ లెక్క ఉంటుంది.

తూటాల వంతు కూడా తక్కువేం కాదు. పాయింట్ టూ టూ (0.22 అంగుళాల తూటా వాడే) రైఫిల్ బుల్లెట్ సెకనుకు 320 మీటర్ల వేగంతో వెళ్తోందనుకుందాం. 50 మీటర్లు చేరేలోపు అది 12 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. వేగం ఒక్క శాతం తగ్గితే ఇంకో రెండున్నర మిల్లీమీటర్లు కిందికి పోతుంది. ఎంత ఖరీదైన బ్యారెల్ అయినా దీన్ని సరిచేయలేదు.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది మాత్రం పైథాగరస్ లెక్క. రైఫిల్ తప్పు (దానివల్ల చిల్లులు చెదిరే దూరం), మనిషి చేతి వణుకు ఒకదానికొకటి సంబంధం లేనివి కాబట్టి నేరుగా కలవవు. వర్గాలు చేసి కూడి, వర్గమూలం తీయాలి. రైఫిల్ తప్పు 1, మన వణుకు 3 అయితే మొత్తం 3.16. ఎక్కువ డబ్బు పోసి రైఫిల్ తప్పును సగానికి తగ్గించామనుకోండి, మొత్తం 3.04 అవుతుంది. అంటే నాలుగు శాతం కూడా తగ్గలేదు! అదే డబ్బుతో మెత్తగా, ప్రతిసారీ ఒకేలా పనిచేసే ట్రిగ్గర్, భుజానికి సరిగ్గా అమరే స్టాక్ (రైఫిల్‌ని భుజానికి ఆనించే వెనకభాగం) తీసుకుని, మిగిలింది ప్రాక్టీస్ తూటాలకు ఖర్చుపెడితే ఆ 3 తగ్గుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేనైతే ఇదే చెబుతాను.

మరి ఖరీదైన రైఫిల్ ఎవరికి? 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే. దాన్ని కొట్టాల్సిన పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) 4.5 మిల్లీమీటర్లు. ఏళ్ల సాధనతో ఆ స్థాయి షూటర్ల వణుకు బాగా తగ్గిపోయి ఉంటుంది. అప్పుడు రైఫిల్ తప్పు బయటపడుతుంది. అందుకే వాళ్లు రైఫిల్‌ని కదలకుండా బిగించి, ఒక్కో లాట్ (ఒకే విడతలో తయారైన) పెల్లెట్లను కాల్చి చూసి, తమ బ్యారెల్‌కి నప్పిన లాట్‌నే కొనుక్కుంటారు.